అరవై మంది ఆడపిల్లలు

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



మధ్యాహ్నం భోజనాలయ్యాయి, అంట్లు కడిగి బోర్లించారు, పిల్లలు బడి నుంచి రావడానికి ఇంకా గంటన్నర టైముంది. మనకు 'తీరిక' అనేది ఏదైనా ఉంటే అది ఇదే కదూ! అందుకే కాబోలు, "తీరిక వేళల్లో వ్యాపకాలు" అనే విషయం మీద మాట్లాడమని కార్యక్రమం వారు నన్నడిగారు. ఓస్, ఇంతేనా అనుకున్నాను. కుట్లు, అల్లికలు, పూసల పని, ముగ్గులు, పాత చీరలతో బొంతలు, ఇవన్నీ మనకు తెలియనివా, చెప్పుకుంటే ఒక పూట పడుతుంది అనుకున్నాను. తీరా కాగితం, కలం తీసుకుని కూర్చునేసరికి మా అత్తగారి రాట్నం చప్పుడు చెవిలో మొదలైంది. దాంతోపాటు ఆ రాట్నం ఒక్క క్షణం ఆగిన రోజు కూడా గుర్తుకొచ్చింది. ఆ సంగతి ముందు చెప్పి, తర్వాత విషయంలోకి వస్తాను.

2001 ఫిబ్రవరి నెల. ధర్మవరానికి కోడలిగా వచ్చి నాకు ఏడాది నిండలేదు. పదో తరగతి పాసైన కోడలని ఇంట్లో నాకు కాస్త గొప్ప. ఏ కాగితం వచ్చినా నేనే చదవాలి, ఏ ఆఫీసు వాళ్లు వచ్చినా నేనే జవాబు చెప్పాలి. అలాగే జనాభా లెక్కలు రాసుకునేందుకు ఒక మాస్టారు వచ్చారు. అరుగు మీద కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, ఒక్కొక్కరి వివరాలు చెప్పాను. మామగారు ఏం చేస్తారు? మగ్గం నేస్తారు. మా ఆయన? మగ్గమే. "మీ అత్తగారు?" అన్నారు ఆ మాస్టారు. నేను క్షణం కూడా ఆలోచించలేదు. "ఆమెకు పనేమీ లేదు సార్, ఇంట్లోనే ఉంటారు" అన్నాను.

అప్పుడు మా అత్తగారు ఎక్కడున్నారనుకున్నారు? మా వెనకే, పడసాలలో రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతున్నారు. నా మాట వినగానే రాట్నం ఆగింది. ఒక్క క్షణమే. మళ్లీ తిరగడం మొదలుపెట్టింది. మాస్టారు రాసుకుని వెళ్లిపోయారు. సాయంత్రం నాకే ఏదోలా అనిపించి, "అత్తా, నేను అట్లా చెప్పకుండా ఉండాల్సింది" అన్నాను. ఆమె దారం మీది నుంచి చూపు తిప్పకుండానే, "నువ్వు చెప్పిందాంట్లో తప్పేముంది లేమ్మా, ఇంట్లోనే గదా నేను ఉండేది" అన్నారు. అంతటితో ఆ మాట ముగిసింది, నా మనసులో తప్ప.

మన అనంతపురం సీమ సంగతి మీకు వేరే చెప్పక్కర్లేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. అదీ పడితే పడినట్టు, లేకపోతే లేదు. ఇలాంటి మెట్ట దేశంలో సంసారాలు నిలబడ్డాయంటే దాని వెనక ఇంట్లోని ఆడవాళ్ల పని ఎంతో ఉండాలి. మరి ఆ పని చరిత్రలో ఎక్కడైనా రాసి ఉందా? ఈ ప్రసంగం కోసం లైబ్రరీలో పాత పుస్తకాలు తిరగేస్తుంటే నాకొక లెక్క కనబడింది. దాని గురించే ఇవాళ చెబుతాను.

1800లో నిజాం నవాబు మన ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి ఇచ్చివేశాడు. అందుకే దత్త మండలాలన్నారు. ఇక్కడికి మొదటి ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చినవాడే థామస్ మన్రో. 1808లో దత్త మండలాలను బళ్లారి, కడప జిల్లాలుగా విడదీశారు. అనంతపురం, ధర్మవరం, పెనుకొండ, గుత్తి ఇవన్నీ అప్పట్లో బళ్లారి జిల్లాలోవే. అనంతపురం ప్రత్యేక జిల్లా అయింది 1882లో. మళ్లీ 2022లో జిల్లా రెండై, మా ధర్మవరం శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లిందనుకోండి.

ఈ మన్రోగారు తర్వాత మద్రాసు గవర్నరు అయ్యాక, 1822లో కలెక్టర్లందరికీ ఒక ఉత్తరువు పంపించాడు. మీ జిల్లాలో బడులెన్ని, పిల్లలెందరు, అందులో మగపిల్లలెందరు, ఆడపిల్లలెందరు, లెక్క తీసి పంపండి అని. బళ్లారి కలెక్టరు ఎ. డి. కాంబెల్. తెలుగు భాషకు ఇంగ్లీషులో వ్యాకరణం రాసి 1816లో అచ్చు వేయించిన పండితుడు. ఆయన 1823 ఆగస్టులో జవాబు పంపాడు. చాలా శ్రద్ధగా రాసిన జవాబు అది.

జిల్లా జనాభా 9,27,857. బడులు 533. చదువుకునే పిల్లలు 6,641. అంటే ఒక్కో బడికి సగటున పన్నెండు మంది. ఇందులో ఆడపిల్లలు ఎంతమందో చెప్పుకోండి చూద్దాం. 60 మంది! అక్షరాలా అరవై మంది. నేను వేలు పెట్టి రెండుసార్లు చదివాను. నూటపది మంది పిల్లలకు ఒక్క ఆడపిల్ల. సుమారు పదిహేను వేల జనానికి ఒక్క ఆడపిల్ల. ఒక ఊళ్లో బడి ఉంటే, అక్కడ ఆడపిల్ల కనబడాలంటే ఇంకో తొమ్మిది పది ఊళ్లు తిరగాలన్నమాట.

ఆ అరవై మంది పేర్లు లేవు, ఊళ్లు లేవు. ఏ తండ్రి ధైర్యం చేసి పంపాడో, ఏ తల్లి పట్టుబట్టి పంపించిందో తెలిసే దారి లేదు. ఒక అంకెగా మిగిలిపోయారు. అయినా అంకెగానైనా మిగిలారు. మిగతా ఆడపిల్లలు లక్షల్లో ఉన్నారే, వాళ్లు ఆ పత్రంలో అసలు లేరు.

మరి వాళ్లంతా ఏమీ నేర్చుకోకుండా పెరిగారా? ఇక్కడే నాకు కాంబెల్ రాసిన ఇంకో వివరం పనికొచ్చింది. ఆ రోజుల్లో బడిలో పిల్లలు మొదట అక్షరాలు దిద్దేది పలకల మీదా కాదు, పుస్తకాల్లోనూ కాదు. నేల మీద ఇసుక పరిచి, అందులో వేలితో రాయడం. కాస్త వచ్చిన పెద్ద పిల్లవాడు రానివాడి పక్కన కూర్చుని దిద్దిస్తాడు. పంతులు ఒక్కడే అయినా బడి అలా నడిచిపోతుంది. ఈ పద్ధతినే మద్రాసులో చూసిన ఆండ్రూ బెల్ అనే పాదిరీ ఇంగ్లండుకు తీసుకుపోయి అక్కడి బడుల్లో పెట్టించాడు. అలా మన వీధిబడి పద్ధతి సముద్రం దాటి పోయింది. కాంబెల్ కూడా ఈ మాటను మెచ్చుకుంటూనే రాశాడు.

ఇప్పుడు మీరొక్కసారి కళ్లు మూసుకుని ఆ ఊళ్లోనే ఇంకో వీధి వాకిలి ఊహించుకోండి. తెల్లవారుజామున పేడనీళ్లు చల్లి ఊడ్చిన వాకిట్లో ఒక అక్క వంగి ముగ్గు పెడుతోంది. పక్కనే ఆరేడేళ్ల చెల్లెలు చూస్తూ, గుప్పెడు పిండి తీసుకుని, ఓ మూల నాలుగు చుక్కలు పెట్టి తనూ కలుపుతోంది. తప్పితే అక్క కాలితో చెరిపి, మళ్లీ పెట్టించింది. అక్కడ పిల్లవాడు ఇసుకలో వేలితో దిద్దుతున్నాడు, ఇక్కడ పిల్ల మట్టిలో పిండితో దిద్దుతోంది. అక్కడ పెద్దవాడు చిన్నవాడికి నేర్పుతున్నాడు, ఇక్కడ అక్క చెల్లెలికి నేర్పుతోంది. అదే నేల, అవే వేళ్లు, అదే పద్ధతి. కలెక్టరు గారి లెక్కలో మాత్రం ఒకటి బడి, రెండోది ఏమీ కాదు.

ముగ్గులో అంత చదువేముంది అంటారేమో. ఏడు చుక్కల ముగ్గు తీసుకోండి. నడిమి వరుసలో ఏడు చుక్కలు, దానికి ఇటూ అటూ అయిదు, మూడు, ఒకటి. మొత్తం ఎన్ని? ఇరవై అయిదు. పై నుంచి నడిమి వరుస దాకా కూడితే ఒకటి, మూడు, అయిదు, ఏడు కలిపి పదహారు, అంటే నాలుగు నాలుగులు. కింద మిగిలినవి తొమ్మిది, అంటే మూడు మూడులు. తొమ్మిది చుక్కల ముగ్గు వేసి చూడండి, అక్కడ అయిదు అయిదులు, నాలుగు నాలుగులు కలిపి నలభై ఒకటి వస్తాయి. ఈ లెక్క నేను మా అమ్మాయి లెక్కల పుస్తకం పక్కన పెట్టుకుని తెలుసుకున్నాను. మా అవ్వ ఏ పుస్తకమూ లేకుండా, వాకిలి ఎంత ఉందో కంటితో కొలిచి, ఎన్ని చుక్కల ముగ్గు పడుతుందో నిలబడిన చోటే చెప్పేది. ఒక్క గీత ఎక్కడ మొదలుపెట్టిందో అన్ని చుక్కలూ చుట్టి అక్కడికే వచ్చి కలిసేది.

ఇది నేను మన ఆడవాళ్ల గొప్పకోసం చెబుతున్న మాట అనుకోకండి. మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో పనిచేసిన గిఫ్ట్ సిరోమనీ, ఆయన భార్య రాణీ సిరోమనీ, వారితో కమలా కృతివాసన్, ఈ ముగ్గురూ కలిసి 1974లో ముగ్గుల మీద ఒక పరిశోధనా వ్యాసం రాశారు. కంప్యూటరుకు బొమ్మలు గీయడం నేర్పే సూత్రాలకు, మన దక్షిణాది ముగ్గు పెరిగే తీరుకు పోలిక చూపించారు. వాళ్లకు ఆ ముగ్గులు చూపించింది కూడా వాకిళ్లలో ముగ్గు పెట్టే ఆడవాళ్లే.

మన్రోకు ఒక మంచి పేరు ఇవ్వాలి. కలెక్టర్ల జవాబులన్నీ చేరాక 1826లో ఆయన రాసిన పత్రంలో, బడుల లెక్క ఒక్కటే చూస్తే సరిపోదు, ఇళ్లలో తల్లిదండ్రుల దగ్గరా బంధువుల దగ్గరా చదువుకునే పిల్లల్ని కూడా చూడాలి అన్నాడు. ఒక్క మద్రాసు పట్నంలోనే అలాంటి వాళ్లు 26 వేలకు పైగా ఉన్నారట. ఎంత చక్కటి ఆలోచన! ఇంట్లో నేర్చుకున్నది కూడా చదువే అని రెండువందల ఏళ్ల క్రిందటే ఒక గవర్నరు ఒప్పుకున్నాడు. కాని ఆ మాట కూడా ఆడపిల్లల దాకా రాలేదు. ఆడవాళ్లకు చదువు చెప్పించడం అరుదు కనుక, జనాభాలో వాళ్ల సగాన్ని పక్కనపెట్టి మిగతా సగానికే ఆయన లెక్క కట్టాడు.

ఇక పని సంగతికి వద్దాం. పిల్లలు బడికి ఎందుకు రావడం లేదో కాంబెల్ దాచకుండా రాశాడు. జనం పేదవాళ్లైపోయారు. పిల్లల లేత చేతులు కాస్త కదలగానే వాటి సాయం ఇంటికి కావలసి వస్తోంది. ఇంగ్లండు నుంచి వచ్చి పడుతున్న బట్టల వల్ల ఇక్కడ చేతిపని చేసుకునేవాళ్ల రాబడి పడిపోయింది. ఒక కంపెనీ కలెక్టరు తన కలంతోనే రాసిన మాటలివి.

ఆ చేతిపనిలో పెద్ద భాగం ఆడవాళ్లదే. మరమిల్లుల నూలు రాక ముందు, మగ్గానికి కావలసిన నూలంతా చేత్తో వడికిందే. వడికేది ఎక్కువగా ఆడవాళ్లు. ఇంటిపని చేసుకుంటూ, పిల్లవాణ్ణి ఒడిలో వేసుకుని, తీరిక చిక్కినప్పుడు రాట్నం తిప్పుకుని, ఆ నూలు అమ్మి ఉప్పుకో పప్పుకో సంపాదించుకునేది ఇల్లాలు. మిల్లు నూలు వచ్చి ఆ రాట్నాన్ని ఆపేసింది. మగ్గం ఆగిపోతే నేతగాడికి పని పోయిందని ఊరంతా చెప్పుకున్నారు. రాట్నం ఆగిపోతే మాత్రం, పాపం ఆమెకు ఇప్పుడు కాస్త తీరిక దొరికింది అనుకుని ఉంటారు!

ధర్మవరంలో నేను చూసిన రాట్నం వడికేది కాదు, చుట్టేది. పట్టుచీర అంటే మగ్గం మీద మొదలవుతుందని నేను పెళ్లికి ముందు అనుకునేదాన్ని. మగ్గం దాకా రావడానికే ఎంతో పని ఉంది. రంగు వేసి వచ్చిన పట్టు చిలపలను విడదీసి ఆరబెట్టాలి. చిక్కు పడితే ఓపిగ్గా విప్పాలి, తెంపకూడదు. పడుగుకు ఆసు పోయాలి. పేకకు కండెలు చుట్టాలి. ఆ కండె నాడెలో కూర్చుంటేనే చీర ముందుకు సాగుతుంది. కండె వదులుగా చుడితే నేతలో పోగు జారుతుంది, బిగిస్తే తెగుతుంది. ఒక పడుగు అయిపోయాక కొత్త పడుగు పోగులను పాత పోగులకు ఒక్కొక్కటిగా మెలిపెట్టి అతకాలి. వేల పోగులు. వేళ్లకు కాస్త బూడిద రాసుకుని మా అత్తగారు కూర్చుంటే, మాట్లాడుతూనే అతికేవారు. ఒక్క పోగు వరస తప్పినా మళ్లీ వెతకాల్సిందే.

ఈ మధ్య నేనొక లెక్క వేశాను. రోజుకు నాలుగు గంటలు, ఏడాదికి మూడువందల రోజులు, ముప్పై అయిదేళ్లు. నలభై రెండువేల గంటలు! రోజుకు ఎనిమిది గంటల ఉద్యోగమైతే పదిహేడేళ్లు దాటిన సర్వీసు. పింఛను లేదు, సెలవు లేదు. పైగా, చదువుకున్న కోడలు ఆ మనిషికి పనేమీ లేదని చెప్పింది.

కరువు రోజుల సంగతి కూడా ఒక్క మాట చెప్పాలి. 1876 నుంచి 1878 దాకా పడ్డ పెద్ద కరువును మన పెద్దవాళ్లు ధాత కరువు అనేవారు. అది ధాత సంవత్సరంలో మొదలైంది కనుక ఆ పేరు. బళ్లారి జిల్లా బాగా దెబ్బతిన్న జిల్లాల్లో ఒకటి. కరువు పనుల్లో రోజంతా రాళ్లు కొట్టి, మట్టి మోసే మనిషికి ఒక పౌను ధాన్యం, అంటే సుమారు 450 గ్రాములు, దానిమీద కొద్దిపాటి చిల్లర చాలునని 1877లో రిచర్డ్ టెంపుల్ అనే అధికారి నిర్ణయించాడు. అది చాలదు, మనుషులు ఎండిపోతున్నారని డాక్టర్ కార్నిష్ పోట్లాడాడు. మనిషికి ఎన్ని గ్రాములు చాలును అని ఇద్దరు దొరలు కాగితాల మీద వాదించుకున్నారు. ఆ కాసిన్ని గింజల్ని ఎంతమందికి ఎలా పంచాలో తేల్చవలసింది మాత్రం ఇంట్లో కుండ దగ్గర కూర్చున్న తల్లి.

అలాంటి తల్లుల దగ్గర నుంచి వచ్చిన విద్యలే మన ఇళ్లలో ఇంకా మిగిలాయి. ఏ ఆకు తినవచ్చు, ఏది తినకూడదు. కొర్రలు, జొన్నలు విత్తనానికి ఎలా దాచాలి, పురుగు పట్టకుండా వేపాకు ఎప్పుడు కలపాలి. నాలుగు చెనిక్కాయలు, రెండు ఎండుమిరపకాయలు ఉంటే ఊరుబిండి నూరి సంగటి ముద్ద ఎలా దిగేలా చేయాలి. చిరిగిన చీర పారేయకుండా నాలుగు పొరలు వేసి బొంత ఎలా కుట్టాలి. ఇప్పుడు మనం బొంత కుట్టడాన్ని వ్యాపకం అంటున్నాం, రంగులు చూసి ముక్కలు ఏరుకుంటున్నాం. మా అవ్వకు అది చలికాలం గడిచే దారి. అయినా ఆమె కూడా ఎర్రముక్క పక్కన పచ్చముక్క పెట్టి, కాస్త దూరం జరిగి చూసి, మళ్లీ తీసి ఇంకోటి పెట్టేది. అవసరం కోసం చేసే పనిలోనూ అందం వెతుక్కునేది. పనీ వ్యాపకమూ వేరు వేరని మనం అనుకుంటున్నాం గాని, ఆమెకు అవి ఒక్కటే.

మరి ఇంత పని లెక్కలోకి ఎందుకు రాలేదు? ఇది మన ఒక్కరి కథ కాదు. ఇంగ్లండులో 1851 లెక్కల్లో ఇల్లాలి పనికి ఒక తరగతి ఉండేది. 1881 వచ్చేసరికి ఇంటిపని చేసే భార్యలను 'ఏ వృత్తీ లేనివాళ్లు' అనే తరగతిలో వేశారు. ఒక్క కలంపోటుతో దేశంలోని ఇల్లాళ్లందరికీ పని లేకుండా పోయింది! మన దేశంలో 1971 జనాభా లెక్కల్లో మనిషి ముఖ్యంగా చేసే పని ఏది అని అడిగారు. పొలానికి పోయినా, కండెలు చుట్టినా, ఆడమనిషి ముఖ్యమైన పని ఇంటిపనే అని రాసుకున్నారు. 1961తో పోలిస్తే, పనిచేసే స్త్రీల శాతం సుమారు సగానికి పడిపోయింది. పదేళ్లలో దేశంలోని ఆడవాళ్లంతా పని మానేశారా? లేదు, ప్రశ్న మారింది, అంతే.

పెద్ద పెద్ద చదువులు చదివిన స్త్రీలు దీని మీద గట్టిగా వాదించారు. ఆ ఫలితంగా 1991 జనాభా లెక్కల ప్రశ్నలోనే ఒక మాట చేర్చారు. కూలి ముట్టకపోయినా సరే, సొంత పొలంలో గాని, ఇంటివాళ్ల వృత్తిలో గాని చేసిన పనిని కూడా పనిగానే చెప్పండి అని. ఆ విషయం తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే 2001లో మా ఇంటికి వచ్చిన మాస్టారి దగ్గర గృహ పరిశ్రమ అని ఒక గడి ఉంది. అది మా అత్తగారిలాంటి వాళ్ల కోసమే. కాంబెల్ దొర ప్రశ్నలో మా అవ్వల ముగ్గుకు చోటు లేదు, ఒప్పుకుంటాను. కాని నా ముందుకు వచ్చిన ప్రశ్నలో మా అత్తగారికి చోటుంది. ఆమెను ఆ గడిలోకి పోకుండా ఆపింది సర్కారు కాదు, దొర కాదు. నా నాలుక.

తర్వాత కొన్నేళ్లకు జరిగిన సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. పట్టు ఇచ్చి చీరలు నేయించుకునే షావుకారు దగ్గర మాకు లెక్క తేలలేదు. మూడు చిలపలు తక్కువొచ్చాయని గుమాస్తా అన్నాడు. మామగారు మాట్లాడలేక నిలబడిపోయారు. అప్పుడు మా అత్తగారు లోపలి నుంచి, "ఆయప్పను ఒకసారి ఈడికి రమ్మను" అన్నారు. రాట్నం వెనక గోడ చూపించారు. గోడ మీద సున్నపు చుక్కలు. చిలప వచ్చినప్పుడల్లా ఒక చుక్క, పది చుక్కలకు ఒక గీత, చీర వెళ్లినప్పుడు పక్కన ఒక అడ్డగీత. నేను అన్నేళ్లు ఆ గోడ చూసి, పిల్లలెవరో పాడుచేశారనుకున్నాను! గుమాస్తా తన పుస్తకం పెట్టుకుని, చుక్కల్ని వేలితో లెక్కపెట్టాడు. తప్పు పుస్తకంలోనే ఉంది. ఒక పేజీలో రాసింది ఇంకో పేజీకి ఎక్కలేదు. ఆమెకు సంతకం పెట్టడం రాదు. కాని ముగ్గు చుక్కలు పెట్టిన చేత్తోనే ఇంటి లెక్క రాసుకుంది.

మా అత్తగారు ఇప్పుడు లేరు. ఇంటికి రంగులు వేయించినప్పుడు ఆ గోడ కూడా పోయింది. ఒక ఫొటో అయినా తీసుకోవాలని మాకెవరికీ తోచలేదు.

2019లో మన దేశమంతటా, మనుషులు రోజులో ఏ పనికి ఎంత సమయం పెడుతున్నారో ఒక సర్వే చేశారు. ఇంటిపని చేసే స్త్రీ అప్పట్లో రోజుకు సగటున 299 నిమిషాలు ఆ పనిలోనే ఉండేదని తేలింది. ఇంటిపని చేసే మగవాడు 97 నిమిషాలు. పిల్లల్నీ పెద్దవాళ్లనీ చూసుకోవడం దీనికి వేరే. ఆ రోజుల్లోనే జరిగిన చేనేత గణనలో దేశంలో 35 లక్షలకు పైగా చేనేత పనివాళ్లున్నారని, అందులో ఎక్కువమంది స్త్రీలేనని తేలింది. ఈశాన్య రాష్ట్రాల్లో మగ్గం మీద కూర్చునేది ఆడవాళ్లే లెండి. అయినా, లెక్క పెట్టడం మొదలుపెడితే మనం కనబడతామని దీన్ని బట్టి తెలుస్తోంది కదా!

అందుకని వ్యాపకాల గురించి చెప్పమంటే, నేను మీకు చెప్పగలిగే వ్యాపకం ఒకటే. ఒక నోటుబుక్కు కొనుక్కోండి. ఒక్క రోజు, లేచింది మొదలు పడుకునేదాకా మీరు చేసినవన్నీ గంటలతో సహా రాయండి. ఎవరికీ చూపించక్కర్లేదు, మీకోసమే. రెండో పేజీలో మీ ఇంట్లో అత్తగారో, అమ్మగారో, అవ్వో ఉంటే, ఆమెకు వచ్చిన పనులేమిటో పక్కన కూర్చుని అడిగి రాయండి. ఆమె మొదట "నాకేమొస్తాయే తల్లీ" అంటుంది. వదలకండి. ఆమె వేసే ముగ్గు, కుట్టే బొంత, పాడే జోలపాట, పెట్టే ఊరగాయ కొలత, అన్నీ రాయండి. కింద ఆమె పేరు, ఊరు, తారీఖు వేయండి. ఆ అరవై మంది ఆడపిల్లలకు లేనివి అవే.

ఇంకొక్క మాట. 2021లో జరగవలసిన జనాభా లెక్కలు కరోనా వల్ల ఆగాయి. 2027 జనాభా లెక్కలకు 2025 జూన్‌లో ప్రకటన వచ్చింది. లెక్కలు రాసుకునేవాళ్లు ఎప్పుడు మీ గడప ఎక్కినా, కుర్చీ వేసి మంచినీళ్లివ్వండి. ఇంట్లో ఆడవాళ్లు ఏం చేస్తారని అడిగితే మాత్రం నాలా తొందరపడకండి. ఒక్క నిమిషం ఆగి, లోపల ఏ రాట్నం తిరుగుతోందో విని, అప్పుడు చెప్పండి.

సెలవు.